నెట్‌వర్క్ స్విచ్: మిద్దె మీదకి వైఫై రావట్లేదా? స్విచ్ కొనే ముందు ఈ లెక్కలు చూసుకోండి

కింద హాల్లో వైఫై ఫుల్ సిగ్నల్. మెట్లెక్కి మిద్దె మీద గదిలోకి వెళ్తే ఒకే ఒక్క గీత. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న అబ్బాయికి మీటింగ్ మధ్యలో మాట తెగిపోతుంది. పక్క గదిలో ఈఏపీసెట్ మాక్ టెస్ట్ రాస్తున్న అమ్మాయి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా రెండు మూడంతస్తుల ఇళ్లలో ఈ ఇబ్బంది మామూలే. చాలామంది చేసే పని ఒక్కటే.. ఎక్కువ స్పీడ్ ప్లాన్‌కి మారిపోవడం. బిల్లు పెరుగుతుంది కానీ మీటింగ్ మాత్రం అలాగే తెగుతుంది. ఎందుకంటే సమస్య ఇంటి దాకా వచ్చే నెట్‌లో కాదు, స్లాబు, గోడలు దాటలేని వైఫైలో ఉంది.

దీనికి పక్కా పరిష్కారం వైరు. కింద నుంచి పైకి ఒక కేబుల్, పైన ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్. అంతే. అయితే షాపుకి వెళ్లాక ఐదొందల నుంచి ఐదు వేల దాకా రకరకాల స్విచ్‌లు కనిపిస్తాయి. చవకది కొంటే కొన్నాళ్లకే సరిపోదు. ఖరీదైనది కొంటే సగం ఫీచర్లు ఎప్పటికీ వాడరు. మరి ఇంటికి ఏది సరిపోతుంది? అసలు స్విచ్ అవసరమేనా? పూర్తి వివరాలు ఇక్కడ చూద్దాం.

ఒక్క చూపులో..

* ఎక్కువ ఇళ్లకు 5 లేదా 8 పోర్టుల గిగాబిట్ అన్‌మేనేజ్డ్ స్విచ్ సరిపోతుంది.
* 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ ధర వెయ్యి రూపాయలకు అటూఇటూ మొదలవుతుంది. 8 పోర్టులది రూ.1,500 నుంచి రూ.2,000 మధ్య దొరుకుతుంది. ఆఫర్లను బట్టి ధరలు మారుతుంటాయి.
* '10/100' అని రాసి ఉన్నది కొంటే కొన్ని వందలు మిగులుతాయి. కానీ స్పీడ్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది.
* కేబుల్ నాసిరకమైతే ఎంత మంచి స్విచ్ పెట్టినా లాభం లేదు.
* మన ఎండలకు, పిడుగులకు తగ్గట్టు స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే.

స్విచ్ అంటే ఏంటి?

కరెంటుకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎలాగో, నెట్‌కి స్విచ్ అలాంటిది. రౌటర్ నుంచి వచ్చే ఒక్క కేబుల్‌ని తీసుకుని నాలుగైదు పరికరాలకు పంచుతుంది. అయితే ఊరికే పంచేయదు. ఏ పోర్టులో ఏ పరికరం ఉందో వాటి మ్యాక్ అడ్రస్‌ల ద్వారా తనే గుర్తుపెట్టుకుంటుంది. టీవీకి వచ్చిన డేటా టీవీకే, ల్యాప్‌టాప్‌కి వచ్చింది ల్యాప్‌టాప్‌కే చేరుస్తుంది. పాతకాలంలో వాడిన 'హబ్'కి ఈ తెలివి ఉండేది కాదు. ఒకరికి వచ్చింది అందరికీ పంపేసేది. అందుకే హబ్‌లు పోయి స్విచ్‌లు వచ్చాయి.

ఇక స్విచ్ చేయని పనులు కూడా తెలుసుకోవాలి. అది వైఫై ఇవ్వదు. మీ ప్లాన్ స్పీడ్‌ని పెంచదు. రౌటర్ లేకుండా ఒంటరిగా ఇంట్లో అన్నిటికీ నెట్ ఇవ్వలేదు. రౌటర్ తర్వాతే స్విచ్ రావాలి. ఈ వరస గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

ముందు ఫైబర్ బాక్స్ వెనక చూడండి

షాపుకి బయల్దేరే ముందు ఇంట్లో ఉన్న ఫైబర్ బాక్స్‌ని, అంటే ఓఎన్‌టీని, ఒకసారి తిప్పి చూడండి. చాలా బాక్సుల వెనక రెండు నుంచి నాలుగు లాన్ పోర్టులు ఉంటాయి. వాటిలో ఖాళీ ఉంటే, పెట్టాల్సిన పరికరాలు కూడా ఆ బాక్స్ దగ్గరే ఉంటే స్విచ్ అక్కర్లేదు. నేరుగా కేబుల్ పెట్టేయండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్ని బాక్సుల్లో ఒక పోర్టు మాత్రమే గిగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్ ఉంటాయి. ఆ గిగాబిట్ పోర్టు పక్కన సాధారణంగా 'జీఈ' అనో, వేరే రంగుతోనో గుర్తు ఉంటుంది. స్విచ్‌కి వెళ్లే కేబుల్‌ని అందులోనే పెట్టాలి. గుర్తు లేకపోతే కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్‌ని అడిగితే చెబుతారు.

ఇంట్లో పాత వైఫై రౌటర్ మూల పడి ఉందా? దాన్ని కూడా స్విచ్‌లా వాడుకోవచ్చు. దాని సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, దాని ఐపీ అడ్రస్ మెయిన్ రౌటర్‌ది కాకుండా మార్చి, మెయిన్ రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ని దాని లాన్ పోర్టులో పెట్టాలి. వాన్ పోర్టులో కాదు. ఇలా చేస్తే పైన వైరు, వైఫై రెండూ వస్తాయి. ఖర్చు సున్నా. కాకపోతే పాత రౌటర్లలో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. మీ ప్లాన్ 100 లోపు అయితే ఇదే బెస్ట్.

ఎన్ని పోర్టులు కావాలి?

5 పోర్టుల స్విచ్ కొంటే ఐదు పరికరాలు పెట్టొచ్చు అనుకుంటారు. అది పొరపాటు. ఒక పోర్టు రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌కే పోతుంది. కాబట్టి 5 పోర్టులది నాలుగు పరికరాలకు, 8 పోర్టులది ఏడింటికి.

ఉదాహరణకు కొర్లగుంటలో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. కింద హాల్లో టీవీ, ఒక డెస్క్‌టాప్, సీసీ కెమెరాల డీవీఆర్ ఉన్నాయి. పైన ఆఫీసు ల్యాప్‌టాప్, ఇంకో టీవీ, ఫోన్లకు వైఫై కోసం ఒక యాక్సెస్ పాయింట్. మొత్తం ఆరు. లెక్క చూసి 8 పోర్టుల స్విచ్ అడుగుతారు. కానీ ఫైబర్ బాక్స్‌కి నాలుగు పోర్టులున్నాయి కదా? కింద ఉన్న మూడూ నేరుగా బాక్స్‌కే పెట్టొచ్చు. నాలుగో పోర్టు నుంచి పైకి ఒకే ఒక్క కేబుల్. పైన 5 పోర్టుల స్విచ్. పైన మూడు పరికరాలు పోగా ఇంకో పోర్టు మిగులుతుంది కూడా. ఒక్కో గదికి ఒక్కో కేబుల్ లాగే పని తప్పింది, గోడకి కన్నాలు తగ్గాయి, డబ్బూ మిగిలింది.

ఖర్చు అంచనా వేద్దాం. స్విచ్ రూ.1,100, మంచి క్యాట్-6 కేబుల్ మీటరుకి రూ.30 చొప్పున 20 మీటర్లకు రూ.600, కేబుల్ లాగి క్లిప్పులు కొట్టినందుకు రూ.500 అనుకుంటే మొత్తం రూ.2,200. ప్లాన్ పెంచుకుని నెలకు రూ.300 అదనంగా కడుతున్నవాళ్లకు ఇది ఎనిమిది నెలల్లోపు తీరిపోయే ఖర్చు.

ఇంట్లో కొత్తగా ఒకటో రెండో పరికరాలు వస్తాయనుకుంటే మాత్రం 8 పోర్టులది తీసుకోవడం మేలు. రెండింటి మధ్య తేడా కొన్ని వందలే.

10/100 కొనాలా? గిగాబిట్ కొనాలా?

అసలు విషయం ఇక్కడే ఉంది. రూ.500, రూ.600కి దొరికే స్విచ్‌ల డబ్బా మీద '10/100' లేదా 'ఫాస్ట్ ఈథర్‌నెట్' అని ఉంటుంది. పేరులో ఫాస్ట్ ఉంది కదా అని తీసుకోకండి. దాని గరిష్ఠ వేగం 100 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ పెడితే 95 దాటదు. గిగాబిట్ స్విచ్ మీద '10/100/1000' అని ఉంటుంది. అంటే పది రెట్లు ఎక్కువ.

ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు రూ.149 ప్లాన్‌తో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఒకే కనెక్షన్‌లో ఇచ్చారు. ఆ ప్రారంభ ప్లాన్ వేగం 15 ఎంబీపీఎస్. అలాంటి వేగానికి 10/100 స్విచ్ ఎక్కువే. కానీ ఇప్పుడు ఇళ్లకు 100, 200, 300 ఎంబీపీఎస్ ప్లాన్లు మామూలైపోయాయి. 200 ఎంబీపీఎస్‌కి డబ్బు కట్టి మధ్యలో 10/100 స్విచ్ పెడితే దాని వెనకున్న వాళ్లందరికీ కలిపి వందలోపే వస్తుంది. నెలనెలా కట్టే బిల్లులో సగం ఆ చిన్న డబ్బా దగ్గరే ఆగిపోయినట్టు.

ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపుకునేవాళ్లకు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 10 జీబీ పెళ్లి వీడియో కాపీ చేయాలంటే 10/100 స్విచ్ మీద దాదాపు 15 నిమిషాలు. గిగాబిట్ మీద ఒకటిన్నర నిమిషం. అయితే అటు ఇటు కంప్యూటర్లు, హార్డ్ డిస్క్‌లు కూడా ఆ వేగాన్ని అందుకోవాలి.

మరి 10/100 ఎవరికి సరిపోతుంది? ప్లాన్ 50 ఎంబీపీఎస్ లోపు ఉండి, పెంచే ఆలోచన లేనివాళ్లకు. లేదా కేవలం సీసీ కెమెరాలకు. ఒక్కో కెమెరా వాడేది సాధారణంగా నాలుగైదు ఎంబీపీఎస్‌లే. మిగతా అందరూ గిగాబిట్ తీసుకోవడమే మంచిది.

ఇక 2.5 గిగాబిట్ స్విచ్‌లు కూడా మార్కెట్లో ఉన్నాయి. ప్లాన్ 1,000 ఎంబీపీఎస్ దాటితేనో, ఇంట్లో పెద్ద స్టోరేజీ సర్వర్ పెట్టుకుంటేనో తప్ప వాటి జోలికి వెళ్లాల్సిన పనిలేదు.

మేనేజ్డ్, అన్‌మేనేజ్డ్ గొడవేంటి?

అన్‌మేనేజ్డ్ అంటే పెట్టగానే పనిచేసేది. సెట్టింగ్స్ ఉండవు, పాస్‌వర్డ్ ఉండదు. మేనేజ్డ్ లేదా స్మార్ట్ స్విచ్‌లో లోపలికి లాగిన్ అయి నెట్‌వర్క్‌ని వేరువేరు భాగాలుగా విడగొట్టొచ్చు. ఆఫీసులకు, లాడ్జీలకు, హాస్టళ్లకు అది అవసరం. మామూలు ఇంటికి అన్‌మేనేజ్డ్ చాలు.

పై పోర్షన్ అద్దెకిచ్చి, అదే నెట్ వాళ్లకీ పంచుతున్నవాళ్లు మాత్రం కాస్త ఆలోచించాలి. అన్‌మేనేజ్డ్ స్విచ్ మీద అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటారు. అద్దెకున్నవాళ్ల కంప్యూటర్ నుంచి మీ డీవీఆర్, ప్రింటర్ కనిపించే వీలుంది. అలాంటప్పుడు వీలాన్ సదుపాయం ఉన్న స్మార్ట్ స్విచ్, దానికి తగ్గ రౌటర్ తీసుకోవాలి. లేదంటే వాళ్లనే వేరే కనెక్షన్ తీసుకోమనడం అన్నిటికంటే తేలిక.

ఏ కంపెనీ? డబ్బా మీద ఏం చూడాలి?

టీపీ-లింక్, డీ-లింక్, నెట్‌గేర్, టెండా.. ఇవి ఇళ్లలో ఎక్కువగా వాడే బ్రాండ్లు. తక్కువ ధరలో టీపీ-లింక్ ఎల్ఎస్1005జీ, డీ-లింక్ డీజీఎస్-1005ఏ లాంటి 5 పోర్టుల గిగాబిట్ మోడళ్లు దొరుకుతాయి. కాస్త ఎక్కువ పెడితే మెటల్ బాడీతో టీపీ-లింక్ ఎస్‌జీ105, నెట్‌గేర్ జీఎస్305 లాంటివి వస్తాయి. ఇంట్లో రోజువారీ వాడకంలో వీటి మధ్య వేగంలో పెద్ద తేడా కనిపించదు. అందుకే బ్రాండ్ గురించి ఎక్కువ ఆలోచించకుండా డబ్బా మీద ఇవి చూడండి.

* 10/100/1000 అని రాసి ఉందా? అన్ని పోర్టులకూ అదే వేగం ఉందా?
* స్విచింగ్ కెపాసిటీ ఎంత? 5 పోర్టుల గిగాబిట్ స్విచ్‌కి 10 జీబీపీఎస్, 8 పోర్టులదానికి 16 జీబీపీఎస్ ఉండాలి. అప్పుడే అన్ని పోర్టులూ ఒకేసారి పూర్తి వేగంతో పనిచేస్తాయి.
* ఫ్యాన్ లేనిదేనా? ఇంటి స్విచ్‌లో ఫ్యాన్ ఉండకూడదు. చప్పుడు, దుమ్ము రెండూ తలనొప్పే.
* గోడకి తగిలించడానికి వెనక కన్నాలు ఉన్నాయా?
* అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయా?
* వారంటీ ఎన్నేళ్లు? అడాప్టర్‌కి కూడా అన్నేళ్లేనా?

చివరి రెండూ చాలామంది చూడరు. నిజానికి చిన్న స్విచ్‌లలో ముందుగా పోయేది తరచుగా అడాప్టరే. పేరు కూడా తెలియని కంపెనీ స్విచ్ రెండొందలు తక్కువకి వస్తోందంటే ఆ తగ్గించింది ఎక్కువగా అక్కడే ఉంటుంది.

సీసీ కెమెరాలు ఉన్నాయా? ముందు ఇది తేల్చుకోండి

కెమెరాలు అనగానే షాపులో 'పీఓఈ స్విచ్' చూపిస్తారు. కరెంటు, డేటా ఒకే నెట్ కేబుల్‌లో పంపే స్విచ్ అది. ధర రూ.2,000 పైన మొదలవుతుంది. గిగాబిట్ పీఓఈ కావాలంటే దాదాపు రెట్టింపు.

మీ ఇంట్లో డీవీఆర్‌కి గుండ్రటి కోయాక్సియల్ కేబుళ్లు పెట్టిన కెమెరాలు ఉంటే పీఓఈ అవసరమే లేదు. డీవీఆర్‌కి ఒక మామూలు పోర్టు చాలు. నెట్ కేబుల్‌తో నడిచే ఐపీ కెమెరాలు ఉంటేనే పీఓఈ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా రెండు విషయాలు చూడండి.

మొదటిది వాట్లు. 802.3ఏఎఫ్ రకం ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల దాకా, 802.3ఏటీ రకం 30 వాట్ల దాకా ఇవ్వగలవు. కానీ స్విచ్ మొత్తంగా ఇచ్చే పవర్‌కి వేరే పరిమితి ఉంటుంది. నాలుగు కెమెరాలు ఒక్కోటి 8 వాట్లు తీసుకుంటే 32 వాట్లు. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడు వాడకం పెరుగుతుంది. కాబట్టి కెమెరా మీద రాసిన గరిష్ఠ వాట్లనే లెక్కలోకి తీసుకోండి.

రెండోది, 'ప్యాసివ్ పీఓఈ' అని ఉన్న చవక రకం. అది అవతల ఏముందో చూడకుండా కరెంటు పంపేస్తుంది. పొరపాటున ల్యాప్‌టాప్ పెడితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. 802.3ఏఎఫ్, ఏటీ రకాలు మాత్రం ముందు అవతలి పరికరాన్ని పరీక్షించి, అడిగితేనే కరెంటు ఇస్తాయి.

కేబుల్ బాగోకపోతే అంతా వృథా

గిగాబిట్ స్విచ్ కొన్నారు. అయినా స్పీడ్ 95 దగ్గరే ఆగింది. తప్పు స్విచ్‌ది కాకపోవచ్చు. నెట్ కేబుల్‌లో ఎనిమిది సన్నని వైర్లు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. కేబుల్ లాగినవాళ్లు నాలుగు వైర్లే కలిపినా, క్లిప్పులో ఒక్క వైరు సరిగ్గా తగలకపోయినా నెట్ వస్తుంది, కానీ వంద దాటదు. పని పూర్తయ్యాక డబ్బులిచ్చే ముందే టెస్టర్‌తో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూపించమని అడగండి.

కేబుల్ కొనేటప్పుడు క్యాట్-5ఈ అయినా, క్యాట్-6 అయినా పర్వాలేదు. రెండూ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తాయి. కొత్తగా లాగుతున్నారు కాబట్టి క్యాట్-6 తీసుకుంటే మంచిది. ముఖ్యమైనది లోపలి లోహం. అసలైన రాగి ఉండాలి. చవక కేబుళ్లలో అల్యూమినియం మీద రాగి పూత వేసి ఇస్తారు. దాన్ని సీసీఏ అంటారు. బ్లేడుతో వైరుని కాస్త గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పీఓఈ కెమెరాలకు సీసీఏ అసలు వాడకూడదు. వేడెక్కుతుంది, కరెంటు సరిగ్గా అందదు.

ఇంకో మాట. గోడలో కరెంటు వైర్లున్న పైపులోనే నెట్ కేబుల్ దూర్చేస్తుంటారు. అలా చేయనివ్వకండి. భద్రతకీ మంచిది కాదు, సిగ్నల్‌కీ మంచిది కాదు. వేరే పైపు వేయించండి. ఇల్లు కడుతున్నవాళ్లయితే ప్లాస్టరింగ్‌కి ముందే ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు వేయించుకుంటే తర్వాత గోడలు పగలగొట్టే పని ఉండదు.

ఎండ, కరెంటు, పిడుగు.. మూడూ చూసుకోవాలి

ఇంటి స్విచ్‌లలో చాలావాటికి కంపెనీ చెప్పే పని ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలే. తిరుపతిలో మే నెలలో బయటే 40 దాటుతుంది. మరి మిద్దె మీద మెట్ల గదిలోనో, రేకుల షెడ్డు కిందో పెడితే దాని పరిస్థితేంటి? కింది అంతస్తులోనో, నీడ పట్టున ఉండే లోపలి గదిలోనో పెట్టండి. ఫైబర్ బాక్స్ మీద స్విచ్, దాని మీద డీవీఆర్ ఇలా దొంతర పెట్టకండి. ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది. టీవీ వెనక మూసేసిన చెక్క అరలో పెట్టడం కూడా మంచిది కాదు. పై అంతస్తులో పెట్టక తప్పదంటే మెటల్ బాడీ ఉన్నది తీసుకుని గోడకి తగిలించండి.

కరెంటు పోతే? రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకున్నవాళ్లు స్విచ్‌ని మర్చిపోతారు. కింద రౌటర్ పనిచేస్తూనే ఉంటుంది, పైన స్విచ్ ఆగిపోతుంది, మీటింగ్ కట్. స్విచ్‌కి కూడా బ్యాకప్ ఉండాలి. ఇన్వర్టర్ లైన్ మీద పెడితే చాలు. మినీ యూపీఎస్‌కి కలిపితే మాత్రం జాగ్రత్త. కొన్ని స్విచ్‌లు 5 వోల్టులవి, కొన్ని 9, కొన్ని 12. పిన్ను పట్టింది కదా అని 5 వోల్టుల స్విచ్‌కి 12 వోల్టులు ఇస్తే పాడైపోతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టులు చూసి అదే ఇవ్వండి. కరెంటు ఖర్చు గురించి భయం అక్కర్లేదు. 3 వాట్ల స్విచ్ రాత్రీపగలూ నడిచినా నెలకు రెండు యూనిట్లకు కాస్త పైన, అంతే.

ఇక పిడుగులు. ఫైబర్ తీగ గాజుతో చేసింది కాబట్టి దాని ద్వారా కరెంటు రాదు. కానీ మిద్దె మీద కెమెరాకి వెళ్లిన రాగి కేబుల్ అలా కాదు. దగ్గర్లో పిడుగు పడితే చాలు, నేరుగా పడక్కర్లేదు. ఆ కేబుల్‌లో ఒక్కసారిగా వోల్టేజీ పుట్టి స్విచ్‌కి, అక్కడి నుంచి టీవీ, కంప్యూటర్‌కి పాకుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో గాలివాన, అక్టోబర్ తర్వాత ఈశాన్య రుతుపవనాలు.. ఈ రెండు కాలాల్లో ఉరుములు మొదలైతే స్విచ్ ప్లగ్ తీసేయండి. బయట నుంచి వచ్చే కేబుళ్లు కూడా పీకేయండి. ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎదురింట్లో ఉన్న అన్నదమ్ముల ఇంటికో, తోటలో షెడ్డుకో నెట్ పంపాలంటే రాగి కేబుల్ బదులు ఫైబర్ లాగి, రెండు వైపులా మీడియా కన్వర్టర్లు పెట్టించడం క్షేమం.

ఫైబర్ టీవీ బాక్స్ ఉన్నవాళ్లు ఇది చూడండి

ఫైబర్ కనెక్షన్ మీదే టీవీ చానళ్లు వచ్చే ఐపీటీవీ బాక్స్ వాడుతున్నారా? దాన్ని స్విచ్‌కి మార్చకండి. ఆపరేటర్ ఏ పోర్టులో పెట్టారో అక్కడే ఉంచండి. చాలా సెట్టింగుల్లో టీవీ కోసం ఒక పోర్టుని ప్రత్యేకంగా కేటాయిస్తారు. వేరే పోర్టులోకి మారిస్తే చానళ్లు రాకపోవచ్చు. పైగా ఐపీటీవీ డేటాని మామూలు స్విచ్ అన్ని పోర్టులకూ పంపేసే అవకాశం ఉంది. టీవీ బాక్స్‌ని స్విచ్ ద్వారానే పెట్టక తప్పదంటే 'ఐజీఎంపీ స్నూపింగ్' అని రాసి ఉన్న స్విచ్ తీసుకోండి.

ఎక్కడ కొనాలి?

చిత్తూరు, తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్ రెండూ అందుబాటులో ఉన్నవే. వేరే పని మీద వెళ్తే కొనుక్కోవచ్చు. కానీ వెయ్యి రూపాయల స్విచ్ కోసం ప్రత్యేకంగా వెళ్తే బస్సు ఛార్జీకే మిగిలింది పోతుంది. ఊళ్లోని కంప్యూటర్ షాపులో, ఆన్‌లైన్‌లో రెండు చోట్లా అదే మోడల్ ధర అడిగి చూడండి. వంద, రెండొందల తేడా అయితే ఊళ్లోనే తీసుకోండి. పాడైతే వెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం అని ఎమ్మార్పీ దాటి అడిగితే ఒప్పుకోకండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్ ఉండాలి. వారంటీకి అదే ఆధారం.

ఆఫీసుల్లో తీసేసిన 24 పోర్టుల సెకండ్ హ్యాండ్ స్విచ్‌లు చవకగా దొరుకుతుంటాయి. చూడ్డానికి గట్టిగా ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి ఫ్యాన్లు ఉంటాయి, కరెంటు ఎక్కువ తాగుతాయి. పడకగది పక్కన పెట్టుకునేవి కావు.

తెచ్చాక ఏం చేయాలి?

1. ముందు స్విచ్‌ని రౌటర్ పక్కనే పెట్టి, చిన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని కలిపి చూడండి. ఇక్కడ పనిచేస్తే స్విచ్ మంచిదే.
2. ఆ తర్వాత దాని చోటుకి తీసుకెళ్లి, లాగిన పొడవు కేబుల్‌తో కలపండి. ఇప్పుడు స్పీడ్ తగ్గితే తప్పు కేబుల్‌ది.
3. విండోస్ ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈథర్‌నెట్ నొక్కితే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000 అని ఉండాలి. 100 అని ఉంటే క్లిప్పులు మళ్లీ కొట్టించాలి.
4. స్మార్ట్ టీవీ దగ్గర 100 చూపిస్తే కంగారు పడకండి. చాలా టీవీల్లో ఉండే పోర్టే అంత. 4కే సినిమాకి 25 ఎంబీపీఎస్ సరిపోతుంది.
5. ప్రతి కేబుల్ చివర చిన్న కాగితం మీద పేరు రాసి అంటించండి. ఆరు నెలల తర్వాత మీకే పనికొస్తుంది.
6. ఒకే కేబుల్ రెండు చివరలూ ఒకే స్విచ్‌లో పెట్టకండి. ఊడ్చేటప్పుడు ఊడిన కేబుల్‌ని ఎవరో ఖాళీగా ఉన్న పోర్టులో దూర్చేస్తారు. డేటా గుండ్రంగా తిరుగుతూ ఇంటి మొత్తానికీ నెట్ ఆగిపోతుంది. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి గబగబా వెలిగి ఆరుతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

తరచూ అడిగే ప్రశ్నలు

స్విచ్ పెడితే నెట్ స్పీడ్ పెరుగుతుందా?
పెరగదు. మీరు డబ్బు కట్టిన స్పీడ్ చివరి గది దాకా తగ్గకుండా చేరుతుంది. శ్రీవారి రూ.300 దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు ఉదయం 10 గంటలకు కూర్చుంటారు కదా.. అక్కడ క్యూ ఉండేది టీటీడీ సర్వర్ దగ్గర. ఆ క్యూలో వైరు మిమ్మల్ని ముందుకి తీసుకెళ్లదు. పేమెంట్ మధ్యలో ఇంట్లోని వైఫై పోవడం వల్ల ఆగిపోకుండా మాత్రం చూస్తుంది.

వైఫై ఎక్స్‌టెండర్ పెట్టుకుంటే సరిపోదా?
ఫోన్లో వీడియోలు చూడటానికి సరిపోవచ్చు. కానీ అది బలహీనంగా అందిన వైఫైనే తీసుకుని మళ్లీ పంపుతుంది. చాలావాటిలో వేగం బాగా తగ్గుతుంది. మీటింగులు, ఆన్‌లైన్ పరీక్షలకు వైరే నమ్మకం.

స్విచ్ పెట్టాక ఫోన్లకు వైఫై ఎలా?
పై అంతస్తు స్విచ్‌కి ఒక యాక్సెస్ పాయింటో, ముందు చెప్పినట్టు సెట్ చేసిన పాత రౌటరో తగిలించండి. పైన కూడా ఫుల్ సిగ్నల్ వస్తుంది.

ఒక స్విచ్‌కి ఇంకో స్విచ్ తగిలించవచ్చా?
తగిలించవచ్చు. కింద ఒకటి, పైన ఒకటి పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. వరసగా నాలుగైదు తగిలిస్తే ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం కష్టం. మధ్యలో ఒక్కటి 10/100 ఉన్నా దాని తర్వాత ఉన్నవన్నీ వందకే పరిమితం.

చివరిగా..

ఫైబర్ బాక్స్ పోర్టులు లెక్కపెట్టండి. పైకి ఎన్ని పరికరాలు కావాలో రాసుకోండి. అవసరమైతేనే తెలిసిన కంపెనీ గిగాబిట్ అన్‌మేనేజ్డ్ స్విచ్ తీసుకోండి. స్విచ్‌లో మిగిల్చిన ప్రతి రూపాయినీ అసలైన రాగి కేబుల్ మీద, సరైన ఎర్తింగ్ మీద పెట్టండి. ఉరుములు వస్తే ప్లగ్ తీయండి. ప్లాన్ పెంచమని ఆపరేటర్‌కి ఫోన్ చేసేది ఇవన్నీ అయ్యాకే. చాలా ఇళ్లలో ఆ ఫోన్ చేయాల్సిన అవసరమే రాదు.